సికింద్రాబాద్‌లో బిగినర్స్ బ్రిడ్జి క్లాసు: చేరండి, కానీ జంటగా చేరండి

ముందే చెప్పేస్తున్నా, క్లాసు చాలా బాగుంది, బ్రిడ్జి, అంటే నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట, నేర్చుకోవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్న వాళ్ళు కళ్ళు మూసుకుని చేరిపోవచ్చు. సికింద్రాబాద్‌లో ఒక పాత క్లబ్బు, శని ఆదివారాలు సాయంత్రం క్లాసు, నెలకి 1,500, టీ బిస్కెట్లు వాళ్ళవే. ఉన్నవి నాలుగు టేబుళ్ళే కాబట్టి పేరు ఆన్‌లైన్‌లో పెట్టొద్దన్నారు, అందుకే రాయట్లేదు, ఆ చుట్టుపక్కల బ్రిడ్జి ఆడేవాళ్ళు ఎవరినడిగినా చెప్తారు. నేను మా పెద్దక్కతో కలిసి వెళ్తున్నా. అక్క బ్యాంకులో చేసి రిటైరయింది, రమ్మీలో మా చుట్టాల్లో ఎవరూ తన ముందు నిలవరు, ఇప్పుడు బ్రిడ్జి వచ్చాక రమ్మీ చప్పగా ఉందిరా అంటోంది.

పేకాట క్లాసుకి ఫీజు కట్టడమేంటి అని అడిగేవాళ్ళు మనింట్లోనే ఉంటారు, వాళ్ళ తప్పు కాదు, మన దగ్గర పేకాట అనగానే డబ్బులు, పోలీసు రైడు, న్యూస్‌లో వరసగా కూర్చోబెట్టిన జనం, ఇవే గుర్తొస్తాయి. ఈ క్లాసులో రూపాయి పందెం లేదు. ఇంకో సంగతి, రమ్మీ మీద 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోదే. రమ్మీ మూడు ముక్కలాటలాగా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు అదృష్టం ఎలాంటిదో ఇందులోనూ అలాంటిదే అన్నారు. అంటే రమ్మీ నైపుణ్యం ఆట అని చెప్పడానికి కోర్టు పక్కన పెట్టి చూపించింది బ్రిడ్జినే. మా సారు ఈ విషయం మొదటి రోజే చెప్పారు, అక్కడ కూర్చున్న పెద్దవాళ్ళలో ఇద్దరు ముగ్గురి మొహాలు అప్పుడు కాస్త తేలికపడ్డాయి.

ఆ పంచే అదృష్టాన్ని కూడా డూప్లికేట్ బ్రిడ్జిలో చాలావరకు తీసేస్తారు, ఈ క్లాసులో మొదట్నుంచీ ఆ పద్ధతే. ఒక్కో పేకకి ఒక ప్లాస్టిక్ బోర్డు, దానికి నాలుగు అరలు, నార్త్ ఈస్ట్ సౌత్ వెస్ట్. రమ్మీ అలవాటున్నవాళ్ళకి చెయ్యి ముక్కని మధ్యలో పడేయడానికే పోతుంది కానీ ఇక్కడ ఎవరి ముక్క వాళ్ళ ముందే బోర్లించి పెట్టుకోవాలి, ట్రిక్కు, అంటే నలుగురూ తలా ఒక ముక్క వేసే రౌండు, మన జంటకొస్తే నిలువుగా, పోతే అడ్డంగా. ఆట అయ్యాక నలుగురి ముక్కలూ అలాగే ఉంటాయి కాబట్టి మళ్ళీ మొదట్నుంచి ఆడి చూడొచ్చు, అవే ముక్కలు అరల్లో పెట్టి పక్క టేబుల్‌కి పంపితే వాళ్ళూ అదే ఆడతారు. నీకు మంచి ముక్కలొచ్చాయిలే అనే మాటకి తావే లేదు, అవే ముక్కలతో పక్కవాడు ఏం చేశాడన్నదే లెక్క.

ఇక నేర్పే పద్ధతి, ఈ క్లాసుకి నేను ఫుల్ మార్కులు ఇచ్చేది ఇక్కడే. చాలామంది బ్రిడ్జి వదిలేసేది బిడ్డింగ్ దగ్గర, అంటే ఎన్ని ట్రిక్కులు కొడతామో, ఏది తురుపో ఆటకి ముందు వేలంలాగా చెప్పుకునే చోట, మొదటి రోజే ఒన్ క్లబ్ అంటే ఏంటి టూ హార్ట్స్ అంటే ఏంటి అని చార్టు చేతికిస్తే ఇంకెవడు వస్తాడు. ఇక్కడ మొదటి నెల బిడ్డింగ్ మాటే లేదు, మినీ బ్రిడ్జి ఆడిస్తారు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తం కలిపి 40 పాయింట్లు, నలుగురూ ఎవరి పాయింట్లు వాళ్ళు చెప్తారు, ఏ జంటకి ఎక్కువుంటే ఆ జంట ఆడుతుంది, ఆ ఇద్దరిలో ఎక్కువున్నవాళ్ళు డిక్లేరరు, రెండు చేతులూ వాళ్ళే ఆడతారు, రెండోవాళ్ళు ముక్కలు టేబుల్ మీద పరిచేస్తారు, అదే డమ్మీ. డమ్మీని చూసుకుని తురుపు పెట్టుకోవాలా వద్దా, ఎన్ని ట్రిక్కులు కొడతామో డిక్లేరరే చెప్పాలి. అంతే, పది నిమిషాల్లో ఆట మొదలు.

మొదటి ముక్క పడగానే డిక్లేరరు చెయ్యి కదపకూడదు, ఇది సారు పట్టుదల. ఖాయంగా వచ్చేవి ఎన్ని, కావాల్సినవి ఎన్ని, మిగతావి ఎక్కడ్నుంచి తెస్తావ్, ఈ మూడూ మనసులో చెప్పుకున్నాకే డమ్మీ ముక్క ముట్టుకోవాలి. ఒక ఆట ఇక్కడ రాస్తా, క్లాసు ఎలా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కాంట్రాక్టు త్రీ నోట్రంప్, అంటే తురుపు లేకుండా 13లో 9 ట్రిక్కులు కావాలి. అక్క డిక్లేరరు. తన చేతిలో ఇస్పేటు ఆసు, 6, 5, ఆఠీను ఆసు, 7, 3, డైమండ్ రాజు, రాణి, 5, 2, కళావరు రాజు, 8, 4. డమ్మీలో ఇస్పేటు రాజు, 7, 4, ఆఠీను 8, 5, 2, డైమండ్ ఆసు, 6, కళావరు రాణి, జాకీ, 10, 9, 3. ఎడమచేతివైపాయన ఆఠీను 6 వేశాడు, కుడిపక్కావిడ రాణి వేసింది. ఖాయంగా ఉన్నవి ఆరు, ఇస్పేటు రెండు, ఆఠీను ఒకటి, డైమండ్ మూడు. కళావరు ఆసుని వాళ్ళ చేత వేయించేస్తే ఆ రంగులోనే ఇంకో నాలుగు వస్తాయి, మొత్తం పది. మరి తేలిగ్గా ఉంది కదా అని ఎవరైనా ఆఠీను ఆసు వెంటనే వేసేస్తారు.

అక్క వేయలేదు. మొదటిది వదిలేసింది, రెండోసారి ఆఠీను 10 వచ్చింది, అదీ వదిలేసింది, మూడోసారి ఆసు వేసింది. తర్వాత కళావరు వేస్తే ఆసు కుడిపక్కావిడ దగ్గరుంది, ఆవిడ కొట్టింది కానీ తన దగ్గర ఆఠీను అయిపోయింది, ఎడమపక్కాయన చేతిలో రెండు ఆఠీన్లు కొట్టడానికి రెడీగా ఉన్నాయి కానీ ఆయన్ని ఆటలోకి తెచ్చే దారి ఆవిడకి లేదు. పది ట్రిక్కులు. సారు వెంటనే అందరి ముక్కలూ తిప్పించి, మొదటి ఆఠీనుకే ఆసు వేస్తే ఏమవుతుందో మళ్ళీ ఆడించారు, అప్పుడు ఆవిడ కళావరు ఆసుతో కొట్టి మిగిలున్న ఆ ఆఠీను 10 వేసింది, ఆయన జాకీతో అందుకుని వరసగా నాలుగు కొట్టాడు, కాంట్రాక్టు ఒకటి తక్కువైంది. ఆసు చేతిలో పెట్టుకుని రెండుసార్లు ఓపిక పట్టడమే తేడా. ఇలా రెండు రకాలుగా చూస్తే జన్మలో మర్చిపోలేం, పుస్తకంలో చదివితే ఇంత ఎక్కదు.

బిడ్డింగ్ రెండో నెల్లో మొదలవుతుంది. ఒకటి నుంచి ఏడు అంకెలు, నాలుగు రంగులు, నోట్రంప్, పాస్, డబుల్, రీడబుల్, మొత్తం పదిహేను మాటలే, నీ దగ్గర ఏముందో ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్‌కి ఈ పదిహేను మాటల్తోనే చెప్పుకోవాలి. అవి కూడా నోటితో అనకుండా బిడ్డింగ్ బాక్సులోంచి కార్డు తీసి పెట్టాలి. కళ్ళెగరేయడం, దగ్గడం, ముక్క గట్టిగా కొట్టడం ఏదీ కుదరదు, సారు అక్కడే ఆపేస్తారు. ఈ విషయంలో ఆయన గట్టిగా ఉండటం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే సైగ లేకుండా ఒన్ నోట్రంప్ కార్డు పెడితే, పార్ట్‌నర్ దాన్ని 15 నుంచి 17 పాయింట్లు, ముక్కలు అన్ని రంగుల్లో సమంగా ఉన్నాయి అని చదివి, తన 10 కలుపుకుని నేరుగా త్రీ నోట్రంప్ పెట్టాడంటే, ఆ మజా వేరే ఏ పేకాటలోనూ నాకు దొరకలేదు.

ఇబ్బందులు కూడా రాయాలి కదా. మూడో నెలకొచ్చేసరికి స్పీడు పెంచేశారు, స్టేమన్, బ్లాక్‌వుడ్, ట్రాన్స్‌ఫర్లు అనే బిడ్డింగ్ పద్ధతులన్నీ వరసగా వచ్చేశాయి, ఒకటి అరిగేలోపు ఇంకోటి. నోట్సు మొత్తం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల జిరాక్సు, పెద్దవాళ్ళకి కష్టం. పక్క గదిలో సీనియర్లు ఆడతారు, అక్కడ కొందరు పార్ట్‌నర్ మీద అందరి ముందూ అరుస్తారు, అది మాత్రం క్లబ్బువాళ్ళు ఆపాలి, కొత్తగా నేర్చుకునేవాళ్ళు అది విని భయపడుతున్నారు. మా క్లాసులో అలా లేదు, ఆట మధ్యలో పార్ట్‌నర్‌ని ఒక్క మాట అనకూడదు, ఏదున్నా బోర్డు అయ్యాకే, అది కూడా నువ్వెందుకలా వేశావ్ అని కాదు, నా కార్డు నీకేం చెప్పింది అని అడగాలి. అక్కా నేనూ ఇంట్లో కూడా అలాగే మాట్లాడుకుంటున్నాం.

జంటగా చేరమన్నది ఇందుకే. ఒక్కరే వెళ్తే వారం వారం పార్ట్‌నర్ మారుతుంటారు, బాగానే నేర్చుకుంటారు కానీ ఇంటికొచ్చాక ఎవరితో మాట్లాడాలి? వయసు గురించి సందేహం వద్దు, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి పురుషుల జంటల్లో బంగారు పతకం తెచ్చిన ప్రణబ్ బర్ధన్ గారికి అప్పుడు 60 ఏళ్ళు, ఆయన పార్ట్‌నర్ శిబ్‌నాథ్ సర్కార్ గారికి 56.

వారం మధ్యలో ప్రాక్టీసుకి బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా అకౌంట్ తెరుచుకోవచ్చు, అమెరికాలో ఉన్న మా మేనకోడలు, తన భర్త అందులోనే మాతో టేబుల్ పెట్టుకుంటారు. రోబోలతో ఆడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, అవి టూ ఓవర్ ఒన్ అనే సిస్టంలో బిడ్ చేస్తాయి, క్లాసులో నేర్చుకున్నదానికి కొన్నిచోట్ల తేడా వస్తుంది, కార్డు మీద మౌస్ పెడితే ఆ బిడ్‌కి అర్థం చూపిస్తుంది, అది చదువుతూ ఆడండి.

కొత్త బ్యాచ్ నెల మొదట్లో మొదలవుతుంది. బండి లోపల పెట్టుకోవచ్చు, కారైతే బయట రోడ్డు మీదే, శనివారం సాయంత్రం కాస్త ముందుగా వెళ్ళండి.