ఇటలీ ఎండల్లో మంగళగిరి చున్నీ

వేసవిలో ఇటలీ చర్చిలు చూడబోయే ఆడవాళ్లు ఇంకేమి కొన్నా కొనకపోయినా ఒక మంగళగిరి నూలు చున్నీ మాత్రం పెట్టెలో పెట్టుకోవాలి. నేను కొన్నది మంగళగిరిలోనే, నేత కార్మికుల సహకార సంఘం షాపులో. ధర 750 రూపాయలు. రెండున్నర మీటర్ల పొడవు, మీటరుకు కొంచెం తక్కువ వెడల్పు. ముదురు నీలం, రెండు పక్కలా నిజాం అంచు అనే సన్నని జరీ అంచు, మధ్యలో ఏ బుటా లేని సాదా నేత. 80 కౌంటు నూలు, అంటే సన్నని పోగు, అని షాపులో చెప్పారు. నాకొకటి, మా అమ్మాయికి ఒకటి తీసుకున్నాను. ఆగస్టులో రోమ్, సియెనా, ఫ్లోరెన్స్ తిరిగినన్నాళ్లూ ఇద్దరం వాటిని రోజూ వాడాం.

ముందు అవసరం సంగతి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చిలోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకొని ఉండాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇదే నియమం. సిస్టీన్ చాపెల్ ఉన్న వాటికన్ మ్యూజియంలకూ ఇదే వర్తిస్తుంది. బసిలికాలోకి టికెట్టు లేదు, కానీ తనిఖీ వరుస చాలా పొడవు. ఆ వరుస బసిలికా ముందున్న చౌకంలో ఎండలోనే సాగుతుంది. చుట్టూ స్తంభాల వరుసల కింద నీడ కనిపిస్తూనే ఉంటుంది, మన వంతు మాత్రం ఎండలోనే. అంతసేపు నిలబడి గుమ్మం దాకా వచ్చాక బట్టలు సరిగా లేవని వెనక్కి పంపితే ఎవరి ప్రాణమైనా ఉసూరుమంటుంది. నా కళ్ల ముందే కొందరిని పంపించారు.

ఇక ఎండ. ఆగస్టులో రోమ్ మన గుంటూరు మే నెల కాదు గానీ, మధ్యాహ్నం రాతి వీధుల్లో నడుస్తుంటే తేడా పెద్దగా తెలియదు. మా అమ్మాయి బయలుదేరే ముందే చెప్పింది: "అమ్మా, ఆ వేడిలో పొడుగు చేతుల కుర్తాలు నావల్ల కాదు." దాని బాధ నాకు అర్థమైంది. అందుకే చేతుల్లేని నూలు గౌను, అదీ మోకాలి కిందికి వచ్చేది కుట్టించి, పైన ఈ చున్నీ ఇచ్చాను. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఒక్క చున్నీ భుజాలనూ మోకాళ్లనూ రెండింటినీ కప్పలేదు. కాబట్టి వేసుకునే బట్టలే వాటిలో ఒకదాని సంగతి చూసుకోవాలి. మోకాళ్లు దాటే గౌనైతే చున్నీ భుజాలకు సరిపోతుంది. పొట్టి నిక్కరు, చేతులున్న చొక్కా అయితే చున్నీని నడుముకు చుట్టి కొస దోపి ఒక పిన్నీసు పెడితే చాలు, చీలమండ దాకా దిగుతుంది. పొట్టి నిక్కరు మీద చేతుల్లేని చొక్కా వేసుకుంటే మాత్రం ఏ చున్నీ ఆదుకోదు.

ఎండలో వరుసలో ఉన్నంతసేపూ అది నా తల మీదే ఉంది. చెమట పీల్చుకుంది, గాలి ఆడనిచ్చింది. వీధి కుళాయిల దగ్గర కొస తడిపి మెడ చుట్టూ వేసుకుంటే కాసేపటికే ఆరిపోయేది, ఆ కాసేపూ ప్రాణానికి హాయిగా ఉండేది. రోమ్ వీధుల్లో ఆ తాగునీటి కుళాయిలు ఎక్కడబడితే అక్కడ ఉంటాయి, నీళ్లు చల్లగా ఉంటాయి. మాతో వచ్చిన మా వదిన చున్నీ తెచ్చుకోలేదు. చౌకం బయట తిరిగి అమ్మేవాళ్ల దగ్గర ఐదు యూరోలకు స్కార్ఫు కొంది. పాలిస్టర్. భుజం మీద నిలవదు, జారిపోతూనే ఉంటుంది, చెమట పట్టిన చోట ఒంటికి అతుక్కుంటుంది. రెండో రోజుకే అంచు పోగులు ఊడాయి. కొన్ని కెథడ్రళ్ల గుమ్మం దగ్గర కాగితంలాంటి గుడ్డతో చేసిన, ఒంటికి కప్పుకునేవి ఇస్తారు. అక్కరకు పనికొస్తాయి, కాదనను. కానీ లోపల గాలి ఆడదు, బయటికి వచ్చాక చెత్తబుట్టలు వాటితో నిండిపోయి ఉండటం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

నేను గుంటూరులో లూథరన్ చర్చికి వెళ్లేదాన్ని. చెప్పులు బయట విడిచి, కొంగు తల మీదికి లాక్కుని లోపలికి వెళ్లడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇటలీలో చెప్పులు విడవక్కర్లేదు. ఆడవాళ్లు తల కప్పుకోవాలని 1917 నాటి కాథలిక్ చర్చి చట్టంలో ఉండేది, 1983 చట్టంలో లేదు. అయినా ప్రార్థన వేళ నేను చున్నీ తల మీదికి తెచ్చుకున్నాను, ఎవరూ వింతగా చూడలేదు. మగవాళ్లు మాత్రం టోపీ తీసేయాలి.

రోమ్‌లోని శాంతా మరియా మజ్జోరె చర్చికి ఆగస్టు 5న వెళ్లాం. ఆ తేదీ ఎంచుకుని ప్రయాణం పెట్టుకున్నది నేనే. పూర్వం ఒక ఆగస్టు రాత్రి అక్కడి కొండ మీద మంచు కురిసిందని, ఆ చోటే చర్చి కట్టారని అక్కడి ఐతిహ్యం. ఏటా ఆ రోజు పూజ మధ్యలో పైకప్పు నుంచి తెల్లని పూరేకులు రాల్చుతారు. ఐదో శతాబ్దపు మొజాయిక్‌ల (చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన బొమ్మల) కింద అవి రాలుతుంటే పక్కన ఒక ఇటలీ ముసలమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ఉంది. మనకు అది చూడవలసిన చోటు, ఆమెకు రోజూ వచ్చే చర్చి. ఆమె పక్కన నిలబడటానికి తగినట్టు ఉన్నానన్న తృప్తి ఆ చున్నీ నాకిచ్చింది. 2025లో పోప్ ఫ్రాన్సిస్‌ను సమాధి చేసింది కూడా ఈ చర్చిలోనే. ఆ సమాధి ముందు జనం ఎక్కువ, నిలబడనిచ్చేది కాసేపే.

లోపాలూ చెప్పాలి. కొత్తలో గంజితో పెళుసుగా ఉంటుంది, మెడ దగ్గర గరుకుగా తగులుతుంది. బయలుదేరే ముందు రెండు మూడు ఉతుకులు పడాల్సిందే. మొదటి ఉతుకులో నీలం బాగా వదిలింది. రంగు పోదని షాపులో చెప్పిన మాట నిలవలేదు. ఉప్పునీళ్లలో నానబెట్టి విడిగా ఉతికాక ఆగింది. లేత రంగులైతే ఒక పొరలో ఒళ్లు కనిపిస్తుంది, మడిచి రెండు పొరలు చేస్తేనే కప్పినట్టు. అందుకే ముదురు రంగు తీసుకోండి. జరీ అంచు చేతిసంచి జిప్పులో చిక్కుకుని ఒకచోట పీచు లేచింది. సాదా నూలు అంచుతో దొరికితే ప్రయాణానికి అదే మేలు. సెయింట్ పీటర్స్ గోపురం ఎక్కేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. మొత్తం 551 మెట్లు, లిఫ్టు తీసుకున్నా 320 ఎక్కాలి. దారి ఇరుకు, గోడ పక్కకు వాలి ఉంటుంది. వేలాడే కొస కాళ్లకు అడ్డం పడుతుంది కాబట్టి చున్నీని ఎదురుగా అడ్డంగా వేసి వెనక ముడి వేసుకోవాలి.

మగవాళ్ల విషయంలో మనవాళ్లకు పట్టింపు తక్కువ. ఆ నియమాలు ఆడవాళ్లకే అనుకుని పొట్టి నిక్కర్లతో వచ్చేస్తారు. మావారు పల్చటి నూలు ప్యాంట్లు రెండు తెచ్చుకుని రోజు మార్చి రోజు వేసుకున్నారు. మోకాలి దగ్గర జిప్పుతో విడిపోయే ప్యాంటు ఒకటి మా మేనల్లుడు ఇచ్చాడు. ఆలోచన బాగుంది గానీ ఆ గుడ్డ నైలాను, ఎండలో ఉడకబెడుతుంది. నూలు ప్యాంటే నయం.

ఫ్లోరెన్స్ కెథడ్రల్‌కూ టికెట్టు లేదు, వరుస అక్కడా ఎండలోనే, భుజాల నియమం అక్కడా ఉంది. చున్నీ అక్కడా పని చేసింది. గ్రీసులో మెటియోరా మఠాలకు వెళ్లేవాళ్లు మాత్రం ఇంకొంచెం సిద్ధంగా ఉండాలి. అక్కడ ఆడవాళ్లకు ప్యాంటు కూడా కుదరదు, లంగా ఉండాలి. గుమ్మం దగ్గర చుట్టుకునేవి ఇస్తారట. వచ్చే ఏడాది మేము అక్కడికి వెళ్లాలనుకుంటున్నాం. ప్యాంటు మీద నడుముకు చుట్టడానికి ఇదే పొడవులో, మరికాస్త మందంగా, సాదా అంచుతో ఇంకో రెండు నేయించి ఇమ్మని అదే షాపులో చెప్పి వచ్చాను.