సై యంగ్ ఊరు చూసి వచ్చాం: పియోలీ నుంచి బోస్టన్ దాకా

మా అబ్బాయికి పదకొండేళ్లు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పిల్లల బేస్‌బాల్ జట్టులో పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. ఆ వయసు పిల్లలు ఒక రోజులో 85 బంతులకు మించి విసరకూడదని పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ నియమం. ఒక రాత్రి వాడు వచ్చి, "నాన్నా, సై యంగ్ 749 ఆటల్లో చివరిదాకా ఒక్కడే విసిరాడట. మరి ఆయన చేతికి ఏమీ కాలేదా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. సై యంగ్ అంటే వందేళ్ల కిందటి అమెరికా పిచర్, అందరికన్నా ఎక్కువ ఆటలు గెలిచినవాడు. ఆయన ఊరు మా ఇంటికి రెండు గంటల లోపే. ఆ వారాంతమే బయలుదేరాం.

ముందు బస సంగతి. ఆయన పుట్టిన గిల్మోర్, చివరి రోజులు గడిపిన న్యూకమర్స్‌టౌన్ పరిసరాలు, సమాధి ఉన్న పియోలీ, అన్నీ ఒహాయో తూర్పు భాగంలో దగ్గర దగ్గరగానే ఉంటాయి. న్యూకమర్స్‌టౌన్‌లో బస చేయడానికి చోట్లు తక్కువ. ఇరవై మైళ్ల దూరంలోని కేంబ్రిడ్జ్‌లో ఎక్కువ దొరుకుతాయి, రెండు జాతీయ రహదారులు కలిసే చోటు కాబట్టి. మేము దిగిన హోటల్లో ఏసీ రాత్రంతా మోగుతూనే ఉంది. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. శాకాహారులు ఆ దారిలో భోజనం మీద ఆశ పెట్టుకోకండి. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, పెరుగన్నం రెండు పూటలూ ఆదుకున్నాయి. సొంత కారు లేకపోతే ఈ ప్రయాణం కుదరదు.

న్యూకమర్స్‌టౌన్‌లో టెంపరెన్స్ టావెర్న్ అనే పాత భవనం ఉంది. ఒహాయో-ఈరీ కాలువలో పడవలు నడిచిన రోజుల్లో అది ప్రయాణికుల సత్రం, ఇప్పుడు మ్యూజియం. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, ఫోన్ చేసి కనుక్కునే వెళ్లండి. సై యంగ్‌తో పాటు ఆ ఊళ్లోనే పెరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకుడు వుడీ హేస్‌కూ అక్కడ చోటిచ్చారు. పెద్ద మ్యూజియంలో లాగా తోసుకుంటూ చూడాల్సిన పని లేదు. ప్రతి వస్తువు దగ్గరా కావలసినంత సేపు నిలబడవచ్చు.

అక్కడి నుంచి 258వ నంబరు రోడ్డు మీద పియోలీ. వంకర దారి, రెండు పక్కలా కొండవాలు పొలాలు. ఫోన్ సిగ్నల్ నమ్మకండి, దారి ముందే చూసి పెట్టుకోండి. నన్నడిగితే ఈ యాత్ర మొత్తంలో మొదట చూడవలసిన చోటు ఇదే. టికెట్ లేదు, కాపలా లేదు, ఒక చిన్న చర్చి పక్కన శ్మశానం. సమాధి రాయి మీద రెక్కలున్న బేస్‌బాల్ చెక్కారు. పక్కనే భార్య రోబా పేరు. రాయి అడుగున ఎవరెవరో వదిలి వెళ్లిన బంతులు, చిల్లర నాణేలు. ఒక బంతికి వానకు తోలు ఉబ్బి, ఎర్ర దారం కుట్లు విచ్చుకున్నాయి.

మా వాడు రాయి మీది అక్షరాలు పైకి చదివాడు. 1890 నుంచి 1911 వరకు 874 ఆటలు ఆడి 511 గెలిచాడని ఉంది. "పుస్తకంలో 906 అని ఉంది కదా!" అన్నాడు. ఆ కాలపు లెక్కలు తర్వాత చాలాసార్లు మారాయి, ఓటముల సంఖ్య కూడా ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది. 511 మాత్రం కదలలేదు. ఏడాదికి పాతిక చొప్పున ఇరవై ఏళ్లు గెలిచినా 500 దగ్గరే ఆగిపోతాం. రెండో స్థానంలో ఉన్న వాల్టర్ జాన్సన్‌వి 417.

చెయ్యి సంగతి అక్కడే మాట్లాడుకున్నాం. సై యంగ్ అసలు పేరు డెంటన్ ట్రూ యంగ్, రైతుబిడ్డ. విసురు దెబ్బకు కంచె చెక్కలు సుడిగాలికి విరిగినట్టు విరిగాయని చెప్పుకుంటారు. 'సైక్లోన్' అన్న పేరు అలా వచ్చి, 'సై'గా మిగిలింది. ఆటలు లేని చలికాలమంతా పొలం పని చేసేవాడు. ఆటకు ముందు చెయ్యి సాగదీయడానికి కొన్ని బంతులే విసిరేవాడు. అన్నిటికన్నా ముఖ్యం గురి. 7,356 ఇన్నింగ్స్‌లో (ఇన్నింగ్స్ అంటే ముగ్గురు అవుటయ్యేదాకా సాగే ఒక జట్టు బ్యాటింగ్ వంతు) గురి తప్పిన బంతుల వల్ల ఉచితంగా బేస్‌కు, అంటే పరుగులో మొదటి మజిలీకి, పంపింది 1,217 మందినే. గురి ఉన్నవాడికి బంతులు ఆదా అవుతాయి. మా వాడికి ఈ మాట బాగా పట్టింది.

ఆయన 1955 నవంబరు 4న, 88వ ఏట కన్నుమూశాడు. మరుసటి ఏడాది నుంచే మేటి పిచర్‌కు ఆయన పేరిట అవార్డు ఇస్తున్నారు.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌కు మేము అంతకు ముందే వెళ్లాం. అక్కడ మేటి బేస్‌బాల్ ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన ఫలకం ఉంది. బాగుంటుంది, కానీ వందల ఫలకాల్లో అదొకటి. జూలై చివర్లో సన్మానాల వారాంతంలో అయితే గదుల అద్దెలు మండిపోతాయి. ఆ రోజులు తప్పించండి.

బోస్టన్‌కు దసరా సెలవుల్లో వచ్చిన మా నాన్నగారితో కలిసి వెళ్లాం. గ్రీన్ లైన్ రైలు దిగి నడిస్తే నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం. ఒకప్పుడు అది సై యంగ్ ఆడిన బోస్టన్ జట్టు సొంత మైదానం, హంటింగ్టన్ అవెన్యూ. 1903 అక్టోబరు 1న మొదటి వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే తుది పోరు) మొదటి ఆటలో పిట్స్‌బర్గ్ చేతిలో సై యంగ్ 7-3తో ఓడాడు. సిరీస్ మాత్రం బోస్టనే గెలిచింది. 1904 మే 5న అదే నేల మీద ఫిలడెల్ఫియా ఆటగాళ్లు వంతుల వారీగా 27 సార్లు బ్యాటింగ్‌కు వస్తే, ఒక్కసారి కూడా ఎవరినీ బేస్ ఎక్కనివ్వకుండా వెనక్కి పంపాడు. ఇప్పుడు ఆవరణలో చెట్ల మధ్య కంచు విగ్రహం ఉంది. ముందుకు వంగి, కుడి చెయ్యి వెనక్కి వదిలి, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ సైగ కోసం చూస్తున్న భంగిమ. ఎదురుగా దాదాపు అరవై అడుగుల దూరంలో బ్యాటర్ నిలబడే చోటి హోమ్ ప్లేట్ ఆకారంలో ఫలకం.

1893లో పిచర్ విసిరే దూరం 60 అడుగుల 6 అంగుళాలకు పెంచారు. అంతకు ముందు ఇంకా దగ్గర నుంచి విసిరేవారు. చాలామంది తడబడ్డ ఆ ఏడాది ఆయన 34 ఆటలు గెలిచాడు. ఈ సంగతి నాన్నగారికి చెబుతుంటే మా వాడు ఫలకం దగ్గర నుంచి అడుగులు లెక్కపెడుతూ విగ్రహం వైపు నడిచాడు. లిటిల్ లీగ్‌లో తాను విసిరే 46 అడుగుల దగ్గర ఆగి, అక్కడి నుంచి తలెత్తి చూశాడు. విగ్రహం ఇంకా దూరంలోనే ఉంది.