డాక్రాన్ తాళ్లా, స్పెక్ట్రా తాళ్లా?

పారాచూట్‌కు తాళ్లు మార్పించేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. స్పెక్ట్రా పాలిథిలీన్ పోగుల తాడు, సన్నం, మడిస్తే తక్కువ చోటులో ఇముడుతుంది. కానీ వేడికి కుంచించుకుపోతుంది. స్లైడర్ (పారాచూట్ ఒక్కసారిగా తెరుచుకోకుండా తాళ్ల మీదుగా కిందికి జారే గుడ్డ) రింగులు రాసుకుంటూ జారే బయటి తాళ్లు, బ్రేకు తాళ్లు ఎక్కువ కురచవుతాయి; దాంతో పారాచూట్ ఎగిరే తీరే మారిపోతుంది.

డాక్రాన్ పాలిస్టర్, లావు ఎక్కువ. అయితే కాస్త సాగుతుంది కాబట్టి పారాచూట్ తెరుచుకున్నప్పుడు ఒంటికి కుదుపు తగ్గుతుంది, కొలతలూ అంతగా మారవు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేనైతే డాక్రానే చెబుతాను.

మన పాలమూరు, నల్లగొండ చెల్కల్లో దిగితే ఎర్ర దుమ్ము ఏ తాడునూ వదలదు, పోగుల్లోకి దూరి అరగదీస్తుంది. బ్రేకు తాడు రింగులోంచి దూరే చోట వేలితో తడిమి చూడండి. నూగు లేచి ఉంటే, మళ్లీ దూకకముందే రిగ్గర్‌కు, అంటే పారాచూట్లు బాగుచేసే నిపుణుడికి, చూపించండి.