తరగతి గదిలో కాగితం పూలు: ఏళ్ల వాడకం తరువాత నా సమీక్ష

ప్రాథమిక తరగతుల పిల్లలతో కొన్నేళ్లుగా కాగితం పూలు చేయిస్తున్నాను. పలుచని టిష్యూ కాగితం, సన్నని ముడతలతో సాగే క్రేప్ కాగితం, మామూలు రంగు కాగితం మూడింటినీ వాడిన మీదట, ఏది ఏ వయసు పిల్లల చేతిలో కుదురుతుందో, ఏది తరగతి సమయాన్ని మింగేస్తుందో నమ్మకంగా చెప్పగలను.

తరగతి అంతటితో ఒకేసారి చేయించాలంటే టిష్యూ పేపరుకు సాటి లేదు. ఆరు నుంచి ఎనిమిది పొరలను పేర్చి, విసనకర్ర మడతలు వేసి, నడుమ దారంతో కట్టి, రెండు కొసలనూ గుండ్రంగా గానీ కోసుగా గానీ కత్తిరించి, ఒక్కొక్క పొరనూ నడుమకు లేపితే పువ్వు తయారవుతుంది. జిగురు అక్కర లేదు కాబట్టి ఆరేదాకా ఆగవలసిన పని లేదు. గంట కొట్టేలోగా అందరి చేతుల్లోనూ పువ్వు ఉంటుంది. కష్టమంతా పొరలు లేపడంలోనే ఉంది. ఆరేడేళ్ల పిల్లలు రెండు మూడు పొరలను కలిపి పట్టి లాగుతారు, ముడి దగ్గర కాగితం చిరుగుతుంది. లాగే ముందు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా రుద్దితే పొరలు విడివడతాయని చూపిస్తే చాలావరకు చక్కబడుతుంది.

అందానికి మాత్రం క్రేప్ పేపరే. అయితే దీనిలో ఒక్క విషయం తెలియకపోతే ఎంత శ్రమించినా పువ్వు కుదరదు: క్రేప్ సాగేది ముడతలకు అడ్డంగా మాత్రమే. ముడతల వెంబడి లాగితే సాగదు, గట్టిగా లాగితే చిరుగుతుంది. కాబట్టి రెక్క అడుగు నుంచి కొసదాకా ముడతలు నిలువుగా వచ్చేలా కాగితాన్ని పట్టుకొని కత్తిరించాలి. అలా కోసిన రెక్క నడుమ రెండు బొటనవేళ్లూ ఆనించి పక్కలకు మెల్లగా లాగితే అక్కడ దొన్నెలా గుంట పడుతుంది. పై అంచును వేళ్లతో కొద్దికొద్దిగా సాగదీస్తే అలలు వస్తాయి. అడ్డంగా కోసిన రెక్కకు ఈ రెండూ రావు. అందుకే కత్తెరలు ఇవ్వడానికి ముందే ప్రతి ఒక్కరికీ చిన్న ముక్క ఇచ్చి రెండు వైపులా లాగి చూడమంటాను. వేళ్లకు తెలిసిన సంగతిని పిల్లలు మరచిపోరు. కొనేటప్పుడు మందం కూడా చూడాలి. చదరపు మీటరుకు 180 గ్రాముల రకం గుంటను నిలుపుకుంటుంది. అలంకరణకు వేలాడదీసే పలుచని రకం ఒకసారి సాగితే నీరసంగా వాలిపోతుంది. ముదురు రంగు క్రేప్ తడి తగిలితే రంగు వదులుతుంది, కిటికీ పక్కన ఎండలో పెడితే వెలిసిపోతుంది.

తెల్ల జిగురును క్రేప్‌పై చుక్కగానే వాడాలి, పూసేస్తే ముడతలు చచ్చిపోతాయి. గ్లూ స్టిక్ మామూలు కాగితానికి బాగుంటుంది, క్రేప్‌ను నిలుపలేదు. కాడకు తీగ కొనేటప్పుడు దాని మందాన్ని తెలిపే గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి, కొసలను తప్పకుండా లోపలికి వంచాలి. ఎడమచేతి పిల్లలకు వారి కోసం చేసిన కత్తెరలే ఇవ్వాలని గట్టిగా చెబుతాను. మామూలు కత్తెరను ఎడమచేత్తో పడితే గీత కనబడదు, పైగా పట్టు వల్ల రెండు అలుగులూ ఎడబాసి కాగితం తెగక నలుగుతుంది. ఆ బిడ్డకు పని రాదని అందరూ అనుకుంటారు, ఇది చాలా అన్యాయం.

ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, ఎదుట నిజమైన పువ్వును ఉంచి చేయించడం. ఒకసారి మందారాన్ని బల్లపై పెట్టినప్పుడు అందరూ ఐదు రెక్కలని లెక్కపెట్టి మొదలుపెట్టారు. ఒక పాప మాత్రం ప్రతి రెక్కా ఒక అంచుతో పక్కదాన్ని కప్పుతూ, రెండో అంచును ఇటుపక్క రెక్క కింద దాచుకుందని గమనించింది. ఐదో రెక్కను అతికించే ముందు మొదటి రెక్క అంచును జాగ్రత్తగా ఎత్తి, దాని కిందికి జరిపింది. 1772లో, 72 ఏళ్ల వయసులో కాగితం ముక్కలు అతికించి పూల చిత్రాలు చేయడం మొదలుపెట్టిన ఆంగ్ల కళాకారిణి మేరీ డెలానీ కూడా నిజమైన మొక్కను ఎదుట పెట్టుకొనే కాగితం ముక్కలు కోసేవారు. ఆమె చేసిన దాదాపు వెయ్యి పూల చిత్రాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో లాగే నల్లని చార్టుపై అతికిస్తే పిల్లల పూల రంగులు కూడా ఎంతో నిండుగా కనిపిస్తాయి.

ముందే కోసిన రెక్కలతో వచ్చే కిట్లను నేను సిఫారసు చేయను. అన్ని రెక్కలూ ఒకే కొలతలో ఉండడం వల్ల పువ్వును చూడవలసిన అవసరమే పిల్లలకు కలగదు. కత్తెర పట్టడం నిజంగా కష్టమైన పిల్లల కోసం మాత్రం ముందురోజే మందమైన క్రేప్‌తో చిన్నా పెద్దా రెక్కలు కోసి ఉంచుతాను. వాటిలో దేన్ని ఎక్కడ అతికించాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.