హక్కో ఎఫ్‌ఎక్స్-888డీ: ఏళ్ల తరబడి వాడాక

సోల్డరింగ్ స్టేషన్ కొనేవాళ్లు ముందు వాట్లు అడుగుతారు. హక్కో ఎఫ్‌ఎక్స్-888డీ 70 వాట్లు, అదే కంపెనీ ఎఫ్‌ఎక్స్-951 75 వాట్లు. కాగితం మీద తేడా అయిదే. మందపాటి గ్రౌండ్ ప్లేన్ (వేడిని లాగేసే వెడల్పాటి రాగి పొర) ఉన్న నాలుగు లేయర్ల బోర్డు మీద పెడితే మాత్రం రెండూ ఒకటి కావు. 951లో వాడే టీ12 బిట్‌లో (బిట్ అంటే ఐరన్ చివర తొడిగే మొన ముక్క) హీటరు, సెన్సారు మొన దగ్గరే ఇమిడి ఉంటాయి. 888డీలో సిరామిక్ హీటరు మీద బిట్‌ను టోపీలా తొడుగుతాం. మధ్యలో సన్నటి ఖాళీ మిగులుతుంది. ఈ స్టేషన్ మంచీ చెడూ చాలావరకు ఆ ఖాళీలోనే ఉన్నాయి.

సెన్సారు హీటరులో ఉంటుంది కాబట్టి డిస్‌ప్లేలో 350 డిగ్రీల సెల్సియస్ కనిపించినా మొన అంత వేడిగా ఉందని నమ్మకం లేదు. బిట్ లోపల పొట్టు పేరుకుంటే వేడి ఇంకా దిగదు. వారానికోసారి, పూర్తిగా చల్లారాక నట్టు విప్పి, బిట్ తీసి లోపలి పొడి దులపాలి. నట్టు చేత్తో బిగిస్తే చాలు, ప్లయర్ పెట్టొద్దు. హ్యాండిల్‌ను బల్లకేసి కొట్టి లెడ్ (టంకం, అంటే సోల్డర్) విదిలించే అలవాటుంటే సిరామిక్ పగలడం ఖాయం.

బిట్ ఎంపిక వాట్లకన్నా ముఖ్యం. కోను బిట్ (టీ18-బి) చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, పనికి దండగ. మొన ప్యాడ్‌ను చుక్కంత మేరే తాకుతుంది. లెడ్ కరగట్లేదని 400కి పెంచుతారు, ఫ్లక్స్ (లెడ్ అంటుకోవడానికి తోడ్పడే పదార్థం) మాడుతుంది, బిట్ నల్లబడుతుంది, ఆపైన లెడ్ అసలే అంటదు. త్రూ-హోల్ పనికి (పార్టుల కాళ్లు బోర్డు రంధ్రాల్లో దూర్చేది) 2.4 మి.మీ. ఉలి బిట్ టీ18-డీ24, బోర్డు పైనే అతికే 0805 సైజు చిన్న పార్టులకు 1.6 మి.మీ. డీ16. ఈ రెండూ కొంటే రోజువారీ పని గడిచిపోతుంది. 63/37 లెడ్ (63 శాతం తగరం, 37 శాతం సీసం) 183 డిగ్రీలకు కరుగుతుంది, 320 సెట్టింగ్ సరిపోతుంది. సీసం లేని (లెడ్-ఫ్రీ) టంకం ఎస్‌ఏసీ305 కరగడం 217 దగ్గర మొదలవుతుంది, దానికి 350. ఇంతకు మించి పెంచాల్సి వస్తే పెద్ద బిట్ వేయండి. అదీ చాలని బరువు బోర్డులను కింది నుంచి 100 డిగ్రీల దాకా ముందే వేడి చేసుకోవాలి.

స్టాండుతో ఇత్తడి పీచు, స్పాంజి రెండూ వస్తాయి. పీచే వాడండి, తడి స్పాంజి తుడిచినప్పుడల్లా బిట్‌ను చల్లారుస్తుంది. స్పాంజే కావాలంటే బోరు నీళ్లు పోయకండి, ఆ ఉప్పు బిట్‌కు పడుతుంది. స్విచ్ ఆపే ముందు మొన నిండా కొత్త లెడ్ పూసి వదలాలి.

విసుగు పుట్టించేవి రెండు బటన్లు. ఉష్ణోగ్రత మార్చాలంటే అంకె తర్వాత అంకె నొక్కుకుంటూ పోవాలి. ఏమరుపాటున ఆఫ్‌సెట్ మోడ్‌లోకి (ఉష్ణోగ్రత రీడింగ్‌ను సరిదిద్దే సెట్టింగ్) జారి క్యాలిబ్రేషన్ చెడగొట్టుకునేవాళ్లకు కొదవ లేదు. 320, 350 ప్రీసెట్లలో పెట్టేసి ఆ జోలికే పోకపోవడం మేలు. తర్వాతి మోడల్ 888డీఎక్స్‌లో తిప్పే నాబ్ ఇచ్చారు. కొత్తగా కొనేవాళ్లు అదే తీసుకోవచ్చు, బిట్లు ఇవే.

డిస్‌ప్లేలో ఎస్-ఈ (సెన్సార్ ఎర్రర్) అని చూపిస్తే స్టేషన్ పోయిందని కంగారు పడొద్దు. ప్లగ్ పీకి, ఐరన్ చల్లారాక మల్టీమీటర్ పెట్టండి. ఐరన్ వైరు చివరి కనెక్టర్‌లో 1, 2 పిన్నుల మధ్య (సెన్సారు) 43–58 ఓమ్‌లు, 4, 5 మధ్య (హీటరు) 2.5–3.5 ఓమ్‌లు రావాలి. వైరును హ్యాండిల్ దగ్గర కదిలిస్తే రీడింగ్ ఎగిరిపడుతుంటే తెగింది వైరే. 3వ పిన్నుకీ మొనకీ మధ్య 2 ఓమ్‌లు దాటకూడదు. దాటితే మొనకు ఎర్త్ సరిగా అందట్లేదు, మాస్‌ఫెట్లు (స్టాటిక్ కరెంటుకు చెడిపోయే ట్రాన్సిస్టర్లు) పెట్టే బల్ల మీద ఆ ఐరన్ వాడకూడదు. ఇల్లు వైరింగ్‌లో ఎర్తే లేకపోతే ఈ కొలత ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు వెనక లేబుల్ చూసుకోవాలి. లోపలున్నది ట్రాన్స్‌ఫార్మర్, ఏ వోల్టేజీకి చేసింది ఆ వోల్టేజీకే. జపాన్ 100 వోల్టుల యూనిట్‌కు పిన్ అడాప్టర్ తగిలించి మన 230లో పెడితే పొగే.