గోడచెవి: తలుపు మీద అంటించి విన్నాక

మూసిన తలుపు అవతలి మాటలను దారం గుండా చెవికి చేర్చే గోడచెవి ఎలా ఉంటుందో, దాని మంత్రపు దారం ఎంత దూరం సాగుతుందో కోటలో తెలియనివారు లేరు కనుక ఆ వివరాల జోలికి పోను. మంత్రాలోచన మందిరానికి సరిగ్గా కింది అంతస్తులో తాళపత్ర భాండాగారం చూసుకునే నేను దీన్ని ఎందుకు కొన్నానో వేరే చెప్పనక్కరలేదు. కొత్తలో, దారం చిక్కుపడదని, మెట్ల మలుపుల్లో దానంతటదే దారి వెతుక్కుంటుందని కనిపించినవారందరికీ చెప్పాను. వేసవి వరకు ఆ మాట నిజమే. వానలు పట్టాక దారం చెమ్మ పీల్చుకుని బరువెక్కి, చేత్తో తోస్తే తప్ప మలుపు దాటడం లేదు.

అయితే నా ఫిర్యాదంతా తలుపును అంటిపెట్టుకుని వినే గుణం గురించే. అమ్మినవారు అన్నిటికంటే గొప్పగా చెప్పింది దాన్నే. మూసిన తలుపు అవతలి నుంచి మామూలు చెవికి గొంతుల రొద మాత్రమే అందుతుంది. మాటను మాటగా నిలబెట్టే స, శ వంటి సన్నని ధ్వనులు చెక్క దగ్గరే అణగిపోతాయి. గోడచెవి వాటిని కూడా పట్టి తెస్తుందన్నారు, కొత్త తలుపుల దగ్గర తెచ్చింది కూడా. ధాన్యపు పన్ను మీద చర్చ జరిగిన రాత్రి మాత్రం మహామంత్రి గొంతు సవరించుకోవడం వరకు స్పష్టంగా వినిపించి, ఆపైన టకటకమని ఒక చప్పుడు మొదలైంది. కాసేపు ఆగుతుంది, మళ్లీ వరసగా మోగుతుంది. చెవి మొనను తలుపు పై అంచుకు జరిపితే తగ్గింది, గడప వైపు తెస్తే హోరెత్తింది. పన్ను పెరిగిందో తగ్గిందో మర్నాడు దండోరా వేస్తే గాని నాకు తెలియలేదు.

ఆ చప్పుడు చెదలది. గూటికి ముప్పు తోచినప్పుడు కాపలా చెదలు తలను కొయ్యకేసి కొట్టుకుని తక్కినవాటిని హెచ్చరిస్తాయి. ఆ రాత్రి వాటికి తోచిన ముప్పు నేను అంటించిన చెవి మొనే కావచ్చు. ఏమైనా, కొయ్యను కరుచుకున్న చెవికి అవతలి గదిలోని మంత్రికంటే తలుపులోని చెదపురుగే దగ్గర. బాగుచేయమని పంపితే, చెవి దాని పని అది చేసిందంటూ దుకాణంవారు తిప్పి పంపారు. వడ్రంగి వచ్చి ఉలి మొన ఆనించగానే గడప దగ్గరి పలక లోపలికి దిగబడింది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

అప్పటినుంచి దీన్ని భాండాగారంలోని కొయ్య అరల మీద తిప్పుతున్నాను. ఒక అరలో చెదలను ముందే పట్టివ్వడంతో తాళపత్రాల కట్టలను సమయానికి దించుకోగలిగాను. అమ్మేయాలనుకున్నవాణ్ణి ఆగింది అందుకే. రహస్యాల కోసమే కొనేవారికి, తలుపు కొత్తదై చోటు పొడిగా ఉంటే, ఇది బాగానే పనికిరావచ్చు. నా కొలువు తాటాకులతో, మా తలుపులు తాతలనాటివి; ఈ రెండూ కాకపోతే నా మాట వేరుగా ఉండేదేమో. దారం మార్చి ఇస్తామన్నారు గాని, ఇంతవరకు ఇవ్వలేదు.