వెనిగర్‌లో బుడగలు వచ్చాయని "పాత పగడాలు" కొనేయకండి

ఆన్‌లైన్ లైవ్‌లో పగడాలు అమ్మే ఒకావిడ ఉంది. లైవ్ అమ్మకాలు చూసేవాళ్ళందరికీ తెలుసు, పేరు రాయను. "అమ్మమ్మల కాలం నాటి ఇటలీ పగడాలు" అని మొన్న చూపించిన దండ నేనే తీసుకున్నాను. 8 మిల్లీమీటర్ల పూసలు 45, బరువు 31 గ్రాములు, 18,500 రూపాయలు. తీరా చూస్తే రంగేసిన వెదురు పగడం! బాంబూ కోరల్ అంటారే, వెదురు గణుపుల్లా ఎదిగే చవక రకం, అది.

దూదికి అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది, ఒక్క పూసకి బెజ్జం పక్కన రుద్దాను. దూది ఎర్రబడింది. ఫొటో పంపితే ఏమన్నదో చూడండి: "పాత పగడం రంగు వదులుతుందండీ. పాత సరుకు తెలియనివాళ్ళు కొనకూడదు." నేను ఇంకో ముక్క రాసేలోపే బ్లాక్ చేసింది. డబ్బు కంటే ఆ మాటకే నా కడుపు మండిపోతోంది. అది పచ్చి అబద్ధం. పగడంలో ఎరుపు ఆ జీవి పెరుగుతూ లోపల నింపుకున్న రంగు. చెమటకీ సెంటుకీ మెరుపు పోతుంది, ఏళ్ళు గడిస్తే వెలిసిపోతుంది కూడా. కానీ దూదికి మాత్రం అంటదు.

లైవ్‌లో ఆవిడ పూస మీద వెనిగర్ చుక్క వేసి బుడగలు చూపించింది. అది చూసి డబ్బు పంపడం నా తప్పే. ఆ బుడగలు చెప్పేది కాల్షియం కార్బొనేట్ ఉందని, అంతే. వెదురు పగడానికీ, గవ్వకీ, పాలరాయికీ కూడా అవి వస్తాయి. ఆ పరీక్షలో దొరికిపోయేది గాజు, ప్లాస్టిక్ మాత్రమే. బరువు సంగతీ అంతే. కాటాపై నీళ్ళ గ్లాసు పెట్టి, సున్నా చేసి, దండని దారంతో అడుగు తగలకుండా ముంచితే 11.8 గ్రాములు చూపించింది. 31ని దాంతో భాగిస్తే 2.63, అంటే నీళ్ళ కంటే అన్ని రెట్లు బరువు. మేలు పగడానికీ (నగల్లో వాడే ఖరీదైన అసలు రకం) 2.6 నుంచి 2.7 మధ్యే వస్తుంది. ప్లాస్టిక్ అయితే 1.5 దాటడం అరుదు. (బెజ్జాల్లో గాలి బుడగలు మిగిలితే లెక్క తప్పుతుంది, ముందు బాగా తడపండి.)

తేడా తెలిసేది చారల దగ్గర, బెజ్జం దగ్గర. 10 రెట్ల భూతద్దంలో మేలు పగడం చారలు చెక్క నారలా సన్నగా, అర మిల్లీమీటరు లోపు ఎడంతో కనిపిస్తాయి. వెదురు పగడంలో అవి ముతకగా, మిల్లీమీటరు దాకా ఎడంగా ఉంటాయి. నాకొచ్చిన పూసల్లో బెజ్జం లోపల తెలుపు, పగుళ్ళలో మాత్రం చిక్కటి ఎరుపు. జపాను పగడానికి నడుమ సహజంగానే తెల్ల చార ఉంటుంది కానీ, ఆవిడ చెప్పిన ఇటలీ పగడం, అంటే మధ్యధరా సముద్రపు పగడమైతే లోపలిదాకా ఎరుపే. రెసిన్ పూత ఉన్న పూస దూదికి రంగు వదలకపోవచ్చు, అందుకే బెజ్జం చూడటం మానకండి. కాల్చిన సూది మాత్రం పెట్టకండి, అసలు పగడమైనా పాడవుతుంది.

డబ్బు పంపేముందు బెజ్జం దగ్గరి ఫొటో, అసిటోన్ దూది వీడియో అడగండి. బిల్లు మీద "రంగు వేయని సహజ పగడం" అని రాయించుకోండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను, అదే లైవ్‌లో కొన్నవాళ్ళు మీ పూసలూ ఈరోజే చూసుకోండి.